ఒక్క ఓటుతో మారిన వంశవృక్షం: స్కాట్లాండ్ భూస్వాముల చరిత్రని పాత కోర్టు కాగితాల్లో ఎలా వెతకాలి?

ఈ ఎపిసోడ్‌లో మనం స్కాట్లాండ్ వెళ్తున్నాం. కోటలు, కొండలు చూడ్డానికి కాదు, పాత కాగితాలు చూడ్డానికి. కాగితాలంటే బోర్ అనుకోకండి. ముందు ఒక్క కేసు చెప్తాను, వినండి.

1767 జులై, ఎడిన్‌బరో. కోర్ట్ ఆఫ్ సెషన్ అంటే స్కాట్లాండ్‌లో సివిల్ కేసులకి అన్నిటికంటే పెద్ద కోర్టు. అక్కడ 15 మంది జడ్జీల ముందు ఉన్న ప్రశ్న ఒక్కటే. ఆర్చిబాల్డ్ డగ్లస్ అనే 19 ఏళ్ల కుర్రాడు నిజంగా వాళ్ల అమ్మకి పుట్టినవాడేనా, కాదా? ఏడుగురు అవునన్నారు, ఏడుగురు కాదన్నారు. మిగిలింది కోర్టు ప్రెసిడెంట్ రాబర్ట్ డండస్ ఓటు. ఆయన కాదన్నాడు. అంతే. తెల్లారేసరికి ఒక మనిషికి అమ్మ ఎవరో తెలీకుండా పోయింది, కాగితం మీద. దాంతోపాటు స్కాట్లాండ్‌లోని పెద్ద ఎస్టేట్లలో ఒకటి కూడా చేజారిపోయింది.

రెండేళ్ల తర్వాత అదే కాగితాలు చూసి లండన్‌లో ఇంకోలా తీర్పిచ్చారు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ఈలోపు అసలు ప్రశ్న చూద్దాం. ఒక కుటుంబంలో ఎవరు ఎవరికి పుట్టారో కోర్టు ఎందుకు తేల్చాలి? ఆ తేల్చిన కాగితాలు ఇవాళ మనకి ఎలా దొరుకుతున్నాయి?

భూమి ఉంది కాబట్టే వంశం రికార్డయింది

పాత స్కాట్లాండ్ పద్ధతిలో పూర్తి ఓనర్ అంటూ ఎవరూ లేరు. భూమి మొత్తం సిద్ధాంతం ప్రకారం రాజుది. రాజు దగ్గర నుంచి ఒక పెద్ద ప్రభువు తీసుకుంటాడు, ఆయన దగ్గర నుంచి ఇంకొకడు తీసుకుంటాడు. ఇలా మెట్లు మెట్లుగా ఉంటుంది. పైమెట్టు మీద ఉన్నవాడిని సుపీరియర్ అంటారు, కిందివాడిని వాసల్ అంటారు. దీన్నే ఫ్యూడల్ విధానం అంటారు. ఇదేదో మధ్యయుగాల ముచ్చట అనుకుంటున్నారా? స్కాట్లాండ్‌లో ఈ విధానం చట్టపరంగా ముగిసింది 2004 నవంబర్ 28న. అంటే మీలో చాలామంది పుట్టాకే.

ఇందులో మనకి పనికొచ్చే పాయింట్ ఏంటంటే, తండ్రి చనిపోగానే భూమి కొడుకు పేరు మీదకి దానంతట అది మారదు. కొడుకు వచ్చి నేనే వారసుణ్ణి అని రుజువు చేసుకుని, పై మెట్టువాడి దగ్గర మళ్లీ కొత్తగా భూమిలోకి అడుగుపెట్టాలి. పోనీ వీలునామా రాసి పెట్టుకోవచ్చు కదా అంటారేమో. అదీ కుదరదు. 1868 దాకా స్కాట్లాండ్‌లో భూమిని వీలునామాతో ఇవ్వడానికి చట్టం ఒప్పుకోలేదు. బతికుండగా దస్తావేజు రాసి ఏర్పాటు చేసుకోవచ్చు. అలా చేయకపోతే చట్టం చెప్పిన వారసుడికే పోతుంది. ఆ వారసుడు పెద్ద కొడుకు. కొడుకులు లేకపోతే కూతుళ్లందరికీ సమానంగా. పెద్ద కొడుక్కే భూమి అనే ఈ రూలు 1964 దాకా ఉంది.

అర్థమైంది కదా? భూమి కావాలంటే చుట్టరికం రుజువు చేయాలి. రుజువు చేస్తే కాగితం పుడుతుంది. ఆ కాగితాలు రాసినవాళ్లకి మన వంశచరిత్ర మీద ప్రేమేమీ లేదు. వాళ్లకి కావాల్సింది భూమి గొడవ తీరడం. చరిత్ర అనేది మనకి పక్కన దొరికిన లాభం.

మొదటి కాగితం: రిటూర్

వారసుడు ఏం చేస్తాడంటే, ముందు రాజుగారి చాన్సరీ ఆఫీసు నుంచి ఒక ఆర్డర్ తెచ్చుకుంటాడు. దాన్ని బ్రీవ్ అంటారు. అది షెరీఫ్ దగ్గరికి వెళ్తుంది. షెరీఫ్ ఒక జ్యూరీని కూర్చోబెడతాడు, సాధారణంగా 15 మంది. ఆ జ్యూరీకి అడిగే ప్రశ్నలు ముందే ఫిక్స్ అయి ఉంటాయి. చనిపోయినాయన చివరిదాకా ఈ భూమి మీద హక్కుతోనే ఉన్నాడా? ఈ వచ్చినవాడు ఆయనకి దగ్గరి చట్టబద్ధమైన వారసుడేనా? వయసు వచ్చిందా? భూమి విలువెంత? ఎవరి కింద ఉంది? ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఎప్పటి నుంచి?

జ్యూరీ చెప్పిన జవాబు తిరిగి చాన్సరీకి వెళ్తుంది. తిరిగి వెళ్లే కాగితం కాబట్టి దాని పేరు రిటూర్. ఇవి సుమారు 1530 నుంచి దొరుకుతాయి. 1700 దాకా ఉన్నవాటి సారాంశాలని థామస్ థామ్సన్ అనే ఆయన 1811 నుంచి 1816 మధ్య మూడు సంపుటాలుగా ప్రింట్ చేయించాడు. ఇవాళ్టికీ రీసెర్చ్ చేసేవాళ్లు మొదట తెరిచేది ఆ పుస్తకాన్నే.

ఒక్క రిటూర్ దొరికితే చాలు, రెండు తరాలు కలుస్తాయి. ఫలానావాడు, ఫలానావాడి కొడుకు, ఫలానా భూమికి వారసుడు అని ఉంటుంది. ఒక్కోసారి తాతకి మనవడు నేరుగా వారసుడవుతాడు. అంటే మధ్యలో తండ్రి ముందే పోయాడన్నమాట. ఆ ఒక్క లైన్‌లో ఒక విషాదం దాక్కుని ఉంటుంది.

కానీ ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్తగా ఉండాలి.

ఒకటి, తేదీ. రిటూర్ మీద ఉన్న తేదీ చావు తేదీ కాదు. భూమిలోకి అడుగుపెడితే ఫీజులు కట్టాలి, తండ్రి అప్పులూ మీద పడొచ్చు. అందుకే కొందరు ఏళ్ల తరబడి వాయిదా వేసేవాళ్లు. అందుకే "ఎప్పటి నుంచి ఎవరి చేతిలో ఉంది" అన్న చివరి ప్రశ్న మనకి బంగారం. చావు ఎప్పుడు జరిగిందో అక్కడే దొరుకుతుంది.

రెండు, భాష. 1847 దాకా ఇవి లాటిన్‌లో ఉంటాయి. మధ్యలో క్రామ్‌వెల్ పాలించిన కొన్నేళ్లు మాత్రమే ఇంగ్లీషులో రాశారు. లాటిన్‌లో నెపోస్ అనే మాట వస్తుంది. దానికి మనవడు అనే అర్థమూ ఉంది, అన్న కొడుకో చెల్లెలి కొడుకో అనే అర్థమూ ఉంది. మనకైతే ఒక్కో చుట్టరికానికి ఒక్కో మాట ఉంది కాబట్టి ఈ తికమక రాదు. వాళ్ల కాగితాల్లో మాత్రం ఒక్క నెపోస్‌ని తప్పుగా చదివితే వంశవృక్షంలో ఒక తరమే మాయమైపోతుంది. ఇంకో సరదా సంగతి. పాత స్కాట్స్ భాషలో మనవడిని "ఓయ్" అని రాసేవాళ్లు. ఎవరినో పిలుస్తున్నారనుకోకండి!

మూడు, సంవత్సరం. స్కాట్లాండ్‌లో 1600 నుంచి కొత్త సంవత్సరం జనవరి 1న మొదలవుతోంది. అంతకుముందు మార్చి 25న మొదలయ్యేది. పక్కనే ఉన్న ఇంగ్లండ్ 1752లో గానీ మారలేదు. అందుకే పాత కాగితంలో ఫిబ్రవరి అని కనిపిస్తే అది ఏ దేశం కాగితమో, ఏ ఏడాదిదో చూసుకోవాలి. లేదంటే కొడుకు పుట్టకముందే తండ్రి పోయినట్టు లెక్క తేలుతుంది.

రెండో కాగితం: సేజిన్

వారసుడని తేలాక భూమిని చేతికి అప్పగించాలి. నిజంగానే చేతికి ఇచ్చేవాళ్లు. ఆ పొలం మీదే నిలబడి గుప్పెడు మట్టి, ఒక రాయి తీసి చేతిలో పెట్టేవాళ్లు. చేపలు పట్టే హక్కు అయితే వల, పడవ. ఈ తంతుని సేజిన్ అంటారు. పక్కనే నోటరీ, సాక్షులు ఉంటారు. జరిగింది జరిగినట్టు నోటరీ రాస్తాడు. పొలం మీదకి వెళ్లి ఇలా మట్టి ఇవ్వాల్సిన అవసరం 1845లో గానీ పోలేదు.

అయితే ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మేసే మోసగాళ్లు అప్పుడూ ఉన్నారు. అందుకే 1617లో స్కాట్లాండ్ పార్లమెంట్ ఒక చట్టం చేసింది. సేజిన్ జరిగిన 60 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి. చేయించకపోతే, తర్వాత కొని రిజిస్టర్ చేయించుకున్నవాడి ముందు ఆ సేజిన్ చెల్లదు. ఆ రిజిస్టర్ పేరు రిజిస్టర్ ఆఫ్ సేజిన్స్. దేశం మొత్తానికి పెట్టిన భూమి రిజిస్టర్లలో ప్రపంచంలోనే పాతవాటిలో ఇదొకటి. ప్లాటు కొనే ముందు మనవాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీస్తారు కదా, ఆ ఆలోచనే అనుకోండి. 400 ఏళ్ల కిందటిది. 1981 నుంచి దాని స్థానంలో కొత్త ల్యాండ్ రిజిస్టర్ జిల్లా జిల్లాగా వచ్చింది.

సేజిన్ రిజిస్టర్‌లో ఉన్న అందమేంటంటే, రిటూర్‌లో దొరకనివాళ్లు ఇందులో దొరుకుతారు. పెళ్లయ్యాక భార్య బతికున్నంతకాలం అనుభవించడానికి కొంత భూమి రాసిస్తారు. అప్పుడు ఆమె పేరు వస్తుంది. అప్పు కోసం తనఖా పెడితే అప్పిచ్చినవాడి పేరు వస్తుంది. చిన్న కొడుకులు సాక్షులుగా సంతకం పెడతారు. సాక్షుల పేర్లు వదిలేయకండి. చాలాసార్లు వాళ్లు పెళ్లికూతురి అన్నలో, మామలో అయి ఉంటారు.

మూడో రకం: పెళ్లిళ్లు, చావులు, అప్పులు

రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ అని ఇంకోటి ఉంది, 1554 నుంచి. ఏ దస్తావేజైనా భద్రంగా ఉండాలంటే అందులో ఎక్కిస్తారు. పెళ్లి ఒప్పందాలు ఇక్కడ దొరుకుతాయి. కట్నం ఎంత, ఎవరిస్తారు, ఎన్ని వాయిదాల్లో ఇస్తారు, అన్నీ ఉంటాయి. కట్నాన్ని వాళ్లు టోఖర్ అంటారు. అంకె చూసి కంగారు పడకండి. అది స్కాట్స్ పౌండ్లలో ఉండొచ్చు. 1603 తర్వాత 12 స్కాట్స్ పౌండ్లంటే ఒక్క ఇంగ్లీష్ పౌండ్. మెర్క్ అని ఉంటే అది స్కాట్స్ పౌండ్‌లో మూడింట రెండు వంతులు.

చనిపోయినవాళ్ల చరాస్తి, అంటే పశువులు, ధాన్యం, సామాను, రావాల్సిన బాకీలు, వీటి లెక్క టెస్టమెంట్‌లో ఉంటుంది. భూమి మాత్రం ఉండదు. టెస్టమెంట్ చూసి అయ్యో, ఈయన పేదవాడు అనుకుంటే పొరపాటే. ఆయనకి వెయ్యి ఎకరాలున్నా అందులో కనిపించవు.

ఇక అప్పు కట్టనివాళ్ల కోసం హార్నింగ్స్ రిజిస్టర్ ఉంది. టైముకి కట్టకపోతే రాజు మనిషి సంత మధ్యలో నిలబడి మూడుసార్లు కొమ్ము ఊది ఇతను తిరుగుబాటుదారు అని ప్రకటించేవాడు. ఆ రోజుల్లో చాలామంది భూస్వాములు ఇందులో కనిపిస్తారు. పెద్ద ఇంటివాళ్ల అసలు పరిస్థితి ఏంటో తెలియాలంటే ఈ రిజిస్టర్ చూడాలి.

పేర్ల దగ్గర పడే తిప్పలు

స్కాట్లాండ్‌లో భూస్వామిని లెయిర్డ్ అంటారు. ఆయన్ని ఇంటిపేరుతో కాకుండా ఎస్టేట్ పేరుతో పిలుస్తారు. సంతకం కూడా ఒక్కోసారి ఎస్టేట్ పేరుతోనే ఉంటుంది. ఒకే ఊళ్లో పది మంది జాన్ స్టివార్ట్‌లు ఉంటే ఎవరు ఎవరో చెప్పేది ఎస్టేట్ పేరే. కాబట్టి మనిషి పేరుతో కాదు, భూమి పేరుతో వెతకండి.

దీనికి మనకి తెలిసిన ఉదాహరణే ఉంది. రాయలసీమలో ఇప్పటికీ పేరు వినిపించే థామస్ మన్రో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో మనిషి. సీడెడ్ జిల్లాల కలెక్టర్‌గా చేసి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. 1825లో ఆయనకి బారొనెట్ బిరుదు ఇచ్చినప్పుడు పక్కన లిండర్టిస్ అనే ఎస్టేట్ పేరు పెట్టారు. మన్రోలు స్కాట్లాండ్‌లో బోలెడంతమంది. ఈ కుటుంబాన్ని వెతకాలంటే మీరు పట్టుకోవాల్సింది లిండర్టిస్ అనే మాటని.

ఆడవాళ్ల విషయంలో స్కాట్లాండ్ కాగితాలు మనకి చాలా మేలు చేస్తాయి. పెళ్లయ్యాక కూడా కాగితాల్లో పుట్టింటి పేరే రాస్తారు, ఫలానావాడి భార్య అని పక్కన చేరుస్తారు. అందుకే తల్లి వైపు వంశం కూడా దొరుకుతుంది. స్పెల్లింగ్ మాత్రం పరీక్ష పెడుతుంది. మెంజీస్ అని చదువుతాం, వాళ్లు మింగిస్ అంటారు. పాత అక్షరం ఒకటి ప్రింటింగ్ వచ్చాక జెడ్‌గా మారిపోవడం వల్ల వచ్చిన గొడవ ఇది.

మళ్లీ డగ్లస్ కేసుకి వద్దాం

ఇప్పుడు ఈ కాగితాలన్నీ కలిపి కేసు చూడండి.

డ్యూక్ ఆఫ్ డగ్లస్‌కి పిల్లల్లేరు. చెల్లెలు లేడీ జేన్ 1746లో కల్నల్ జాన్ స్టివార్ట్‌ని రహస్యంగా పెళ్లి చేసుకుంది. 1748 జులైలో పారిస్‌లో ఆమెకి కవల పిల్లలు పుట్టారని కబురు వచ్చింది. అప్పటికి ఆమెకి సుమారు 50 ఏళ్లు. డ్యూక్ నమ్మలేదు, ఆమెకి ఇచ్చే డబ్బు ఆపేశాడు. 1753లో కవలల్లో ఒకడు, తర్వాత ఆమె కూడా చనిపోయారు. మిగిలినవాడు ఆర్చిబాల్డ్. 1761లో డ్యూక్ పోతూ పోతూ మనసు మార్చుకుని, భూమిని చెల్లెలి కొడుక్కి వచ్చేలా దస్తావేజు రాశాడు.

అదే ఏడాది జ్యూరీ కూర్చుంది. ఆర్చిబాల్డే వారసుడంది. మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ అవతల డ్యూక్ ఆఫ్ హామిల్టన్ ఉన్నాడు. ఆయనకి అప్పుడు ఆరేడేళ్లు. సంరక్షకులు ఆయన తరఫున కేసు వేశారు. ఆ జ్యూరీ తీర్పుని రద్దు చేయాలన్నారు. వాళ్ల లాయర్ ఆండ్రూ స్టువర్ట్ పారిస్ వెళ్లి గాలించాడు. అదే రోజుల్లో అక్కడ ఒక గాజు పనివాడి బిడ్డ, తాడు మీద నడిచే ఆటగాడి బిడ్డ కనిపించకుండా పోయారని, వాళ్లని కొనుక్కొచ్చి కవలలన్నారని వాదించాడు. ఇంకో దెబ్బేంటంటే, పురుడు పోసిన డాక్టర్ రాశాడని స్టివార్ట్ చూపించిన ఉత్తరాలు అసలువి కావని తేలింది.

1767లో 8-7తో ఆర్చిబాల్డ్ ఓడిపోయాడు. 1769 ఫిబ్రవరి 27న లండన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తీర్పుని తిరగేసింది. ఎడిన్‌బరోలో జనం సంబరాలు చేసుకున్నారు, రోడ్డెక్కి కిటికీ అద్దాలు పగలగొట్టారు.

ఇందులో అసలు వింత చూడండి. హామిల్టన్ ఇంటిపేరు ఉన్న ఆ పిల్లాడు మగ సంతానం లెక్కలో డగ్లసే. 1656లో ఒక డగ్లస్ అబ్బాయి హామిల్టన్ ఆస్తికి వారసురాలైన డచెస్ అన్‌ని పెళ్లి చేసుకుంటే వచ్చిన వంశం అది. డగ్లస్ అని పిలిపించుకున్నవాడేమో తండ్రి వైపు నుంచి స్టివార్ట్. అందుకే మార్క్విస్ ఆఫ్ డగ్లస్ అనే బిరుదు మగ వరసలో హామిల్టన్‌కి వెళ్లింది, భూమి ఆర్చిబాల్డ్‌కి వెళ్లింది. బిరుదు ఒక దారి, భూమి ఒక దారి. ఇంటిపేరు పట్టుకుని వెళ్తే రెండు చోట్లా దారి తప్పుతారు.

తర్వాత ఆ భూమి ఆర్చిబాల్డ్ మనవరాలి ద్వారా హోమ్ అనే కుటుంబానికి చేరింది. వాళ్లు పేరులో డగ్లస్ చేర్చుకుని డగ్లస్-హోమ్ అయ్యారు. 1963లో బ్రిటన్ ప్రధానమంత్రి అయిన అలెక్ డగ్లస్-హోమ్ ఆ ఇంటివాడే. ఆయన పేరులో ఆ మొదటి సగం ఉందంటే హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన ఆ తీర్పు వల్లే.

కాగితం ఏం చెప్పదు?

ఒకే సాక్ష్యం. జ్యూరీ అవునంది, ఎడిన్‌బరో జడ్జీలు కాదన్నారు, లండన్ అవునంది. పారిస్‌లో ఆ రోజు ఏం జరిగిందో అది మాత్రం మారలేదు కదా. రికార్డు చెప్పేది జరిగింది కాదు, జరిగిందని కోర్టు ఒప్పుకున్నది. వంశవృక్షం గీసేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఒక గీత గీసే ముందు దానికి కనీసం రెండు వేరే వేరే రకాల కాగితాలు చూడండి. రిటూర్‌లో ఉన్నది పెళ్లి ఒప్పందంతో కలవాలి, సేజిన్‌లో ఉన్నది టెస్టమెంట్‌తో కలవాలి.

ఇంకోటి. ఈ కాగితాల్లో ఎవరున్నారో చూశాం, ఎవరు లేరో కూడా చూడాలి. ఆ భూమిని దున్నినవాళ్లు రిటూర్‌లో ఉండరు. వాళ్ల పేర్లు ఎక్కువగా కనిపించేది ఎక్కడో తెలుసా? షెరీఫ్ కోర్టులో, కౌలుదార్లని ఖాళీ చేయించడానికి వేసిన కేసుల్లో. లెయిర్డ్ పేరు భూమి వచ్చినప్పుడు రికార్డయింది. కౌలుదారు పేరు భూమి పోయినప్పుడు రికార్డయింది. ఒక ఎస్టేట్ చరిత్ర వెతికేవాళ్లు ఈ రెండో ఫైలు కూడా తెరిస్తేనే అది పూర్తి చరిత్ర.

ఫోన్‌లో ఎలా మొదలుపెట్టాలి?

ఈ అసలు రికార్డులని ఎడిన్‌బరోలో నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ దాస్తోంది. వాళ్ల కేటలాగ్ ఆన్‌లైన్‌లో ఉంది. స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పాత టెస్టమెంట్ల ఇండెక్స్ ఫ్రీగా వెతకొచ్చు, స్కాన్ చేసిన పేజీ చూడాలంటే డబ్బు కట్టాలి. ముందు బాగా తెలిసిన తరం నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. పాత కాలం నుంచి ముందుకి రావద్దు, దారి తప్పుతారు. ఎస్టేట్ పేరు, జిల్లా పేరు రాసి పెట్టుకోండి. ప్రతి కాగితం పక్కన మూడు మాటలు రాసుకోండి: ఇది ఎందుకు రాశారు, ఎవరికి లాభం, ఎవరు చెప్పారు?

ఆ మూడు ప్రశ్నలు అడిగితే పాత కాగితం మీతో మాట్లాడుతుంది. అడగకపోతే అది చెప్పిందల్లా నమ్మాల్సి వస్తుంది. సరే ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మళ్లీ కలుద్దాం.